ఇంట్లో చేసిన వాటర్ గన్ ఎంత దూరం కొడుతుంది? ప్రెజర్, డిజైన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

వాటర్ గన్ సొంతంగా చేసేవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. పంపు పనిచేస్తుంది, నీళ్లూ వస్తాయి, కానీ అనుకున్నంత దూరం పోవు. అప్పుడు అందరికీ తట్టేది ఒకటే: ఇంకొంచెం ప్రెజర్ పెడదాం. నేనూ చాలాకాలం అలాగే చేశాను. నాజిల్‌ను (నీళ్లు బయటికి వచ్చే మూతిని), దాని వెనకున్న దారిని సరిచేశాక అదే ప్రెజర్‌తో ధార ఎంతో దూరం వెళ్లడం చూశాక నా అభిప్రాయం మారింది. ఒత్తిడి నీటికి వేగం ఇస్తుంది. ఆ వేగం ఎంత దూరం నిలుస్తుందో తేల్చేది మాత్రం ధార విడిపోకుండా ఉండటమే. పదే పదే వచ్చే సందేహాలను పని జరిగే క్రమంలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ప్రెజర్ రెట్టింపు చేస్తే దూరం కూడా రెట్టింపు అవుతుందా?

కాదు. నీటి వేగం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. నష్టాలేమీ లేవనుకుంటే 1 బార్ (ఒత్తిడికి కొలత, దాదాపు మన చుట్టూ ఉన్న వాతావరణ ఒత్తిడి అంత) ఒత్తిడికి నీరు సెకనుకు సుమారు 14 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. 2 బార్‌కి 20 మీటర్లు, 4 బార్‌కి 28 మీటర్లు. అంటే వేగం రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి.

భుజం ఎత్తున, అంటే నేలకు 1.2 మీటర్ల పైన గన్ పట్టుకుని నేలకు సమాంతరంగా కొట్టారనుకుందాం. నీరు నేలను తాకడానికి అర సెకను పడుతుంది, వేగం ఎంతైనా ఈ సమయం మారదు. కాబట్టి 1 బార్‌తో 7 మీటర్లు, 2 బార్‌తో 10 మీటర్లు, 4 బార్‌తో 14 మీటర్లు రావాలి. గన్ పైకి ఎత్తి కొడితే కాగితం మీది లెక్క ఇంతకంటే ఆశాజనకంగా కనిపిస్తుంది. 45 డిగ్రీల దగ్గర ఒత్తిడి రెట్టింపైతే దూరమూ రెట్టింపవుతుంది. కానీ ఆ లెక్కలో గాలి అడ్డు ఉండదు. వేగం పెరిగే కొద్దీ గాలి అడ్డు అంతకంటే వేగంగా పెరుగుతుంది, అందుకే చేతిలోని గన్‌తో ఆ రెట్టింపు ఎప్పుడూ చేతికి రాదు.

45 డిగ్రీల లెక్క ప్రకారం 2 బార్‌కి 40 మీటర్లు రావాలి. నాకు 10 కూడా రావడం లేదు. తప్పెక్కడ?

లెక్కలో తప్పు లేదు, అది గాలి లేని చోటికి చెప్పిన లెక్క. నిజంగా జరిగేది వేరు. గన్ నుంచి బయటపడిన ధార కొంత దూరం కడ్డీలా కలిసి వెళ్తుంది. తర్వాత అలలు పుట్టి, ముక్కలై, చుక్కలవుతుంది. పొడవాటి నీటి ధార దానంతటది నిలవదని 19వ శతాబ్దంలో బెల్జియం శాస్త్రవేత్త ప్లాటో గమనించాడు. తలతన్యత (నీటి ఉపరితలం ముడుచుకోవాలని చూసే గుణం) దాన్ని చుక్కలుగా ఎలా తెంచుతుందో బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ గణితంతో వివరించాడు. ఏ ధార అయినా చివరికి తెగాల్సిందే, మనం చేయగలిగింది అది ఆలస్యంగా తెగేలా చూడటమే.

చుక్కలయ్యాక ఏమవుతుందో చూడండి. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే 1 మి.మీ. చుక్క మీద గాలి అడ్డు ఆ చుక్క బరువుకు దాదాపు 16 రెట్లు ఉంటుంది. 5 మి.మీ. చుక్క మీద 3 రెట్లే. సన్న చుక్క కొద్ది మీటర్లలోనే వేగం పోగొట్టుకుని తుంపరగా కిందికి జారుతుంది, పెద్ద చుక్క ముందుకు సాగుతుంది. మీ గన్ 10 మీటర్లు దాటడం లేదంటే ధార చాలా త్వరగా సన్న తుంపరగా విడిపోతోందన్నమాట. ప్రెజర్ పెంచితే ఆ తుంపర ఇంకా సన్నబడుతుంది తప్ప దూరం పెద్దగా పెరగదు.

పిస్టన్ గన్ చేయాలా, గాలి ట్యాంకు గన్ చేయాలా?

మొదటిసారి అయితే పిస్టన్ గన్ చేయండి. పాతకాలపు చిమ్మనగ్రోవి ఇదే: గొట్టం, లోపల వాషర్ ఉన్న కడ్డీ, ముందు రంధ్రం. నీళ్లు లోపలికి లాగి, బయటికి నెట్టడమే. ఒత్తిడి మీరు తోసినంతసేపే ఉంటుంది కాబట్టి ప్రమాదం తక్కువ. నాజిళ్లు మార్చి మార్చి చూసి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పరికరం లేదు.

గాలి ట్యాంకు గన్‌లో పంపు కొట్టడం ఒక పని, నీళ్లు కొట్టడం ఇంకో పని. నెమ్మదిగా కొట్టిన పంపు శక్తి అంతా గాలిలో దాచుకుని, వాల్వ్ తెరిచినప్పుడు ఒక్కసారిగా బయటికి వస్తుంది. నాసాలో పనిచేసిన ఇంజనీరు లోనీ జాన్సన్‌కు 1982లో వేరే ప్రయోగం చేస్తుండగా నీటి ధార చూసి వచ్చిన ఆలోచన ఇదే దారిలో సాగింది. 1990లో పవర్ డ్రెంచర్ పేరుతో అమ్మకానికి వచ్చి, మరుసటి ఏడాది సూపర్ సోకర్‌గా పేరు మార్చుకున్న బొమ్మ అదే. దూరం దీనితోనే ఎక్కువ వస్తుంది, జాగ్రత్త కూడా దీనికే ఎక్కువ కావాలి.

ఎంత ప్రెజర్ దాకా వెళ్లొచ్చు?

ఇంట్లో చేసిన గాలి ట్యాంకు గన్‌కు నా హద్దు 3 బార్. సైకిల్ పంపు గేజ్ (ఒత్తిడి చూపే మీటరు) మీద 40 పీఎస్ఐ (ఒత్తిడికి ఇంకో కొలత, ఇది 3 బార్‌కు కాస్త తక్కువ) దగ్గర ఆపేస్తాను. ఆ పైన పెంచితే దూరంలో వచ్చే లాభం కొద్దిగానే ఉంటుంది, ప్రమాదం మాత్రం బాగా పెరుగుతుంది. ఒక లీటరు గాలిని 3 బార్‌కు నింపితే అందులో దాదాపు 250 జౌళ్ల శక్తి ఉంటుంది. 25 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడినప్పుడు వచ్చే శక్తి అది. చేతిలో పట్టుకునే వస్తువులో అంత శక్తి ఉందన్న సంగతి మరిచిపోకూడదు.

గేజ్ లేకుండా గాలి నింపవద్దు. చేత్తో నొక్కి చూసి గట్టిగా ఉంది, చాలు అనుకోవడం కొలత కాదు.

ట్యాంకుగా పీవీసీ పైపు వాడొచ్చా? దాని మీద 6 బార్ అని రాసి ఉంది కదా.

గాలి నింపడానికి వాడవద్దు. పైపు మీద ఉన్న అంకె చల్లటి నీటి కోసం. నీరు దాదాపు కుంచించుకోదు కాబట్టి నీటి పైపు పగిలితే చీలి, కారి, ఆగిపోతుంది. గాలి అలా ఆగదు, వ్యాకోచిస్తూనే ఉంటుంది. గట్టి పీవీసీ పగిలితే వంగదు, పదునైన ముక్కలై ఎగురుతుంది. ఎండలో ఉన్న పైపు పెళుసుబారుతుంది, వేడెక్కితే బలం తగ్గుతుంది. మురుగునీటి పైపులకైతే ఒత్తిడి తట్టుకునే గుణమే ఉండదు.

పిస్టన్ గన్ గొట్టంగా, నీళ్లు మాత్రమే వెళ్లే దారిగా పీవీసీ బాగా పనికొస్తుంది. గాలి ట్యాంకుకు కూల్ డ్రింక్ సీసా తీసుకోండి. గ్యాస్ ఒత్తిడి తట్టుకోవడానికే అది తయారైంది, పగిలినా ఎక్కువగా చీలుతుంది తప్ప ముక్కలవదు. గ్యాస్ లేని మంచినీళ్ల సీసా పల్చగా ఉంటుంది, అది వద్దు. గీతలు పడినవి, నొక్కుకుపోయినవి, ఎండలో పడి ఉన్నవి, వేడి నీళ్లు పోసినవి కూడా పక్కన పెట్టండి. ఎంత బాగున్న సీసా అయినా కొన్నాళ్లు వాడాక మార్చేయడం మంచిది.

## ఒత్తిడి కూడగట్టేటప్పుడు

పిస్టన్ గొట్టం లావుగా ఉంటే ఎక్కువ ఫోర్స్ వస్తుంది కదా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ చేతి బలం మారదు. అదే బలం పెద్ద వైశాల్యం మీద పరుచుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. 20 కిలోల బరువుకు సమానంగా తోశారనుకోండి. గొట్టం లోపలి వ్యాసం 40 మి.మీ. అయితే వచ్చే ఒత్తిడి 1.6 బార్. 25 మి.మీ. అయితే అదే తోపుకి 4 బార్.

అలాగని బాగా సన్నగా చేస్తే నీళ్లు చాలవు. 30 సెం.మీ. తోపులో 25 మి.మీ. గొట్టం 150 మి.లీ. దాకా నీళ్లు ఇస్తుంది, 40 మి.మీ. గొట్టం 375 మి.లీ. ఇస్తుంది. పెద్దవాళ్లకు 25 నుంచి 32 మి.మీ. మధ్య గొట్టం అనువుగా ఉంటుంది. పిల్లల బలం తక్కువ కాబట్టి వాళ్లకు సన్న గొట్టమే నయం. లావు గొట్టం ఇస్తే తోయలేక విసుగు పడతారు.

ట్యాంకులో నీళ్లెంత, గాలెంత ఉండాలి?

మూడింట ఒక వంతు నీళ్లు, మిగతాది గాలి. సీసా నిండా నీళ్లు పోస్తే ఎక్కువసేపు కొట్టవచ్చనిపిస్తుంది, కానీ నెట్టేది గాలే. దాని చోటు తగ్గితే నెట్టే శక్తీ తగ్గుతుంది.

2 లీటర్ల సీసాను గేజ్ మీద 3 బార్‌కు నింపామనుకుందాం. గాలి చోటు ఎన్ని రెట్లు పెరిగితే ఒత్తిడి అన్ని రెట్లు తగ్గుతుందనే బాయిల్ నియమం ప్రకారం లెక్క వేసేటప్పుడు బయటి వాతావరణం 1 బార్ కూడా కలపాలి కాబట్టి అసలు ఒత్తిడి 4 బార్. సగం నీళ్లు ఉంటే, అవి అయిపోయేసరికి గాలి చోటు రెట్టింపై గేజ్ 1 బార్‌కు పడిపోతుంది. మూడో వంతు నీళ్లు ఉంటే చివర్లో కూడా 1.67 బార్ మిగులుతుంది. ముప్పావు వంతు నీళ్లు పోశారా, చివరికి గేజ్ సున్నా! ఆఖరి నీళ్లు ధారగా రావు, కారిపోతాయి. గాలి వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది కాబట్టి నిజంలో ఒత్తిడి ఈ లెక్క కంటే ఇంకాస్త పడుతుంది.

మొదటి సెకను బాగా కొడుతుంది, తర్వాత నీరసపడుతుంది. ఎందుకు?

గాలి ట్యాంకులో ఒత్తిడి స్థిరంగా ఉండదు, నీళ్లు బయటికి పోయిన కొద్దీ తగ్గుతుంది. సగం నీళ్లతో 3 బార్ దగ్గర మొదలుపెడితే వేగం సెకనుకు 24 మీటర్ల నుంచి 14 మీటర్లకు దిగుతుంది. నీళ్లు తగ్గించి గాలి పెంచడం ఒక మార్గం. ట్యాంకు మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేయకుండా చిన్న చిన్న విడతలుగా కొట్టి, మధ్యలో పంపు కొట్టుకోవడం ఇంకో మార్గం. రెండోది అలవాటైతే దూరం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

రబ్బరు ట్యూబులో నీళ్లు నింపితే ప్రెజర్ తగ్గదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. బెలూన్ ఊదేటప్పుడు మొదట్లో కష్టంగా ఉండి, తర్వాత తేలికవుతుంది కదా, రబ్బరు గొట్టమూ అంతే. ఒకసారి ఉబ్బడం మొదలయ్యాక నీళ్లు ఎక్కువున్నా తక్కువున్నా ఒత్తిడిలో పెద్ద తేడా ఉండదు. అందువల్ల ధార మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే బలంతో వస్తుంది. గాలి నింపే పని లేదు, పగిలినా లోపలున్నది నీరే.

సాధారణ బెలూన్ రబ్బరు పల్చన, ఒత్తిడి చాలా తక్కువ. మందపాటి లేటెక్స్ గొట్టం కావాలి. దాని చుట్టూ వదులైన గొట్టమో గుడ్డ తొడుగో పెట్టండి, లేకపోతే ఒకే చోట ఉబ్బి బలహీనపడుతుంది. ఎండ, నూనె రెండూ లేటెక్స్‌ను పాడు చేస్తాయి.

## నాజిల్, దాని వెనక దారి

నాజిల్ రంధ్రం ఎంత ఉండాలి?

పిస్టన్ గన్‌కు 3 నుంచి 4 మి.మీ., గాలి ట్యాంకు గన్‌కు 4 నుంచి 6 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి.

లావు ధార దూరం పోతుంది. వ్యాసం రెట్టింపైతే గాలి రాసుకునే పైభాగం రెండింతలవుతుంది, లోపలి నీటి బరువు నాలుగింతలవుతుంది. బరువున్నది వేగాన్ని నిలుపుకుంటుంది. ఆ లాభానికి ఖరీదు నీళ్లే. 2 బార్ దగ్గర 3 మి.మీ. రంధ్రం సెకనుకు 140 మి.లీ. ఇస్తుంది, 6 మి.మీ. రంధ్రం 565 మి.లీ. ఇస్తుంది. లీటరు నీళ్లు మొదటిదానితో 7 సెకన్లు వస్తే రెండోదానితో 2 సెకన్లు కూడా రావు.

పిస్టన్ గన్‌లో ఇంకో హద్దు ఉంది. అది మీ చేతి పవర్. 25 మి.మీ. పిస్టన్‌ను 4 బార్‌తో నెడుతూ 4 మి.మీ. నాజిల్ నుంచి కొట్టాలంటే పిస్టన్ సెకనుకు 72 సెం.మీ. కదలాలి. అది చేయగలం. 6 మి.మీ. నాజిల్ పెడితే అదే పిస్టన్ సెకనుకు 1.6 మీటర్లు కదలాలి, 300 వాట్లకు పైగా పవర్ కావాలి. చేతులు అంత వేగంగా తోయలేవు. అందుకే ఒత్తిడి పుట్టదు, నీళ్లు ముందే జారిపోతాయి.

తోట పైపు మూతిని బొటనవేలితో మూస్తే దూరం పోతుంది కదా. అలాగే రంధ్రం బాగా సన్నం చేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే గమనిక సరైనది, తీసిన అర్థం తప్పు. తోట పైపు పొడవుగా ఉంటుంది. మూతి తెరిచి ఉంటే నీళ్లు పైపంతా వేగంగా పారుతూ, గోడలకు రాసుకుంటూ ఒత్తిడి మొత్తం దారిలోనే పోగొట్టుకుంటాయి. వేలితో మూసినప్పుడు పారకం తగ్గుతుంది, రాపిడి తగ్గుతుంది, కుళాయి దగ్గరున్న ఒత్తిడి మీ వేలి దాకా చేరుతుంది. దూరం పెరిగేది అందుకు.

మీ గన్‌లో దారి పొట్టిది, వెడల్పుగా కూడా ఉంటే ట్యాంకు ఒత్తిడి ముందే నాజిల్ దగ్గర ఉంటుంది. రంధ్రం ఇంకా సన్నం చేస్తే కొత్తగా వచ్చే వేగం ఏమీ ఉండదు. ధార పల్చబడి, తొందరగా తుంపరవుతుంది. సన్నం చేస్తే దూరం నిజంగానే పెరిగిందా? అయితే మీ గన్ లోపల ఎక్కడో దారి ఇరుకుగా ఉందని అర్థం. రంధ్రం మళ్లీ పెద్దది చేసి, ముందు ఆ ఇరుకు ఎక్కడుందో వెతకండి.

ధార బయటికి రాగానే చీపురులా విచ్చుకుపోతోంది. ఏం చేయాలి?

రంధ్రం అంచు చూడండి. డ్రిల్ చేసినప్పుడు అంచున లేచిన పొర, ప్లాస్టిక్ నూగు, చిన్న గాటు, ఏదైనా సరే ధారను అక్కడే చీలుస్తుంది. లోపలి వైపు అంచును కూడా చూడాలి, చాలామంది బయట మాత్రమే నునుపు చేసి వదిలేస్తారు. సన్న ఉప్పు కాగితాన్ని పుల్లకు చుట్టి నెమ్మదిగా తిప్పుతూ రుద్దండి. డ్రిల్ నిటారుగా పట్టకపోతే రంధ్రం వంకరగా పడుతుంది, అది రుద్దినా బాగుపడదు, కొత్త మూత తీసుకోవడమే.

అంచు శుభ్రంగా ఉన్నా విచ్చుకుంటే తప్పు వెనక ఉంది. నాజిల్‌కు కాస్త వెనకే మూల మలుపో, సగం తెరిచిన వాల్వో, అతుకు దగ్గర లోపలికి పొడుచుకొచ్చిన పైపు అంచో నీటిని సుడి తిప్పుతూ ఉండవచ్చు. లోపల తిరుగుతూ వచ్చిన నీరు బయటపడగానే పక్కలకు విసురుకుంటుంది. మలుపును నాజిల్‌కు దూరంగా జరపండి, మధ్యలో తిన్నని గొట్టం ఉండేలా చూడండి.

నాజిల్ ఏ ఆకారంలో ఉండాలి?

రెండు ఆకారాలు బాగా పనిచేస్తాయి, మధ్యలో ఉన్నవి పనిచేయవు.

మొదటిది నునుపైన కోన్. వెడల్పు నుంచి నెమ్మదిగా సన్నబడి, చివర రంధ్రం వ్యాసానికి ఒకటి రెండు రెట్ల పొడవు తిన్నగా ఉండాలి. అగ్నిమాపక దళం వాడే దూరపు ధార నాజిళ్ల రూపం ఇదే. ఇంట్లో దీనికి నాకు దొరికిన సులువైన వస్తువు సిలికాన్ సీలెంట్ ట్యూబుతో వచ్చే ప్లాస్టిక్ కోన్. కొస నుంచి ఎంత కిందికి కోస్తే అంత పెద్ద రంధ్రం. మూడు నాలుగు కోన్‌లు వేర్వేరు చోట్ల కోసి పెట్టుకుంటే ఒక సాయంత్రంలో పరీక్షలన్నీ అయిపోతాయి. కొత్త బ్లేడుతో, ఒకే కోతలో, అడ్డంగా కోయాలి.

రెండోది పల్చటి రేకులో శుభ్రమైన పదును అంచు రంధ్రం. దీని నుంచి వచ్చే ధార గాజు కడ్డీలా కనిపిస్తుంది. కానీ ధార రంధ్రం కంటే సన్నగా ఉంటుంది, వైశాల్యంలో సుమారు 62 శాతానికి కుంచించుకుంటుంది. 5 మి.మీ. రంధ్రం వేస్తే 4 మి.మీ. ధార వస్తుందన్నమాట. ఆ మేరకు రంధ్రం పెద్దది వేసుకోవాలి.

అందరూ చేసేది మూడోది: మందపాటి ఎండ్ క్యాప్‌కు (పైపు చివరి మూతకు) నేరుగా వేసిన రంధ్రం. లోపలి పదును అంచు దగ్గర నీరు గోడను వదిలి, మళ్లీ రంధ్రం లోపలే గోడకు తగులుతుంది. బయటికి వచ్చేది గరుకు ధార. అదే వాడక తప్పదంటే లోపలి వైపు నుంచి పెద్ద డ్రిల్ బిట్‌తో ఆ అంచును వాలుగా చెక్కండి, తేడా వెంటనే కనిపిస్తుంది.

వెనక గొట్టం ఎంత వెడల్పు ఉండాలి?

నాజిల్ రంధ్రానికి మూడు నాలుగు రెట్ల వ్యాసం. నాలుగు రెట్లు ఉంటే గొట్టంలో నీటి వేగం నాజిల్ వేగంలో పదహారో వంతే. నెమ్మదిగా పారే నీరు రాపిడికి ఒత్తిడిని పోగొట్టుకోదు, సుడులు కూడా తక్కువ. దారిలో ఉన్న అతి ఇరుకైన చోటే లెక్కలోకి వస్తుంది. గొట్టమంతా వెడల్పుగా పెట్టి మధ్యలో ఒక సన్న కనెక్టర్ బిగిస్తే మిగతా వెడల్పంతా వృథా.

గొట్టంలో స్ట్రాలు పెడితే ధార తిన్నగా వస్తుందా?

వస్తుంది, సరిగ్గా పెడితే. స్ట్రాల కట్ట నీటి సుడిని విడగొట్టి, తిన్నటి పాయలుగా పంపుతుంది. స్ట్రా వ్యాసానికి పది రెట్ల పొడవు చాలు. కట్టను గొట్టం వెడల్పుగా ఉన్న భాగంలో పెట్టి, కట్టకూ నాజిల్‌కూ మధ్య కొంచెం ఖాళీ వదలండి. పాయలన్నీ మళ్లీ కలవడానికి ఆ చోటు కావాలి. కట్ట జారి నాజిల్‌కు అడ్డం పడకుండా ముందు ఒక జాలీ బిగించండి.

దీనితో ధార పూర్తిగా అలజడి లేనిదవుతుందని అనుకోవద్దు. సెకనుకు 20 మీటర్ల వేగంతో 6 మి.మీ. రంధ్రం దాటే నీటి రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ప్రశాంతమో, అలజడో చెప్పే అంకె) లక్ష దాటుతుంది, పైపులో ప్రశాంత ప్రవాహం 2,300 దగ్గరే చెదరడం మొదలవుతుంది. స్ట్రాలు పెద్ద సుడులను తగ్గిస్తాయి, దూరానికి కావలసింది కూడా అదే.

ఏ వాల్వ్ పెట్టాలి?

పావు తిప్పుతో తెరుచుకునే బాల్ వాల్వ్, ఫుల్ బోర్ రకం. తెరిస్తే లోపల తిన్నటి దారి తప్ప ఏ అడ్డూ ఉండదు. తిప్పి తిప్పి తెరిచే స్క్రూ కుళాయిలో నీరు మలుపులు తిరిగి రావాలి, తెరవడానికి పట్టే సమయంలో సగం నీళ్లు నీరసంగా కారిపోతాయి. బాల్ వాల్వ్‌ను కూడా సగం తెరిచి వాడవద్దు, ఒక్క ఊపున పూర్తిగా తెరవాలి.

గన్ గొట్టం పొడవు పెంచితే దూరం పెరుగుతుందా?

తూటా ఉన్న తుపాకీలో గొట్టం పొడవు వేగాన్ని పెంచుతుంది. నీటి గన్‌లో వేగం వచ్చేది నాజిల్ రంధ్రం దగ్గరే, కాబట్టి పొడవు వల్ల లాభం లేదు. నాజిల్ దాటాక ముందుకు గొట్టం తగిలిస్తే ధార దానికి రాసుకుని చెడిపోతుంది. నాజిల్ వెనక తిన్నటి గొట్టం కొంత పొడవుంటే మాత్రం నీరు సర్దుకోవడానికి పనికొస్తుంది.

## కొట్టేటప్పుడు, కొలిచేటప్పుడు

45 డిగ్రీల కోణంలో కొట్టాలా?

30 నుంచి 40 డిగ్రీల మధ్య కొట్టండి. 45 డిగ్రీలు గాలి లేని చోటికి సరైన కోణం. గాలి అడ్డు ఉన్నప్పుడు పైకి ఎక్కువ ఎత్తితే ధార గాలిలో ఎక్కువసేపు ఉండి ఎక్కువ విడిపోతుంది. గాలి లేని లెక్కలో కూడా 35 డిగ్రీలకు తగ్గే దూరం 6 శాతమే. ఎదురుగాలి ఉంటే ఇంకా కిందికి దించండి.

నీళ్లలో సబ్బు కలిపితే ఎక్కువ దూరం పోతుందని విన్నాను.

నా సలహా వద్దు. సబ్బు తలతన్యత తగ్గిస్తుంది నిజమే, కానీ వేగంగా పోయే ధార తెగడంలో లోపలి అలజడి, గాలి రెండూ బలంగా పనిచేస్తాయి. లాభం నమ్మదగ్గది కాదు, కళ్లలో పడితే మంట మాత్రం ఖాయం. అతి పొడవైన పాలిమర్ అణువులు కొద్దిగా కలిస్తే పైపులో రాపిడి బాగా తగ్గుతుందని 1948 నుంచి తెలిసిన సంగతే, టామ్స్ ప్రభావం అంటారు. అది పొడవాటి పైపులకు పనికొచ్చే విషయం. ఒకరి మీద ఒకరు చల్లుకునే నీళ్లలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదు.

దూరం ఎలా కొలవాలి? ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది.

ముందు ఏది కొలుస్తున్నారో తేల్చుకోండి. అన్నిటికంటే దూరంగా పడిన చుక్క ఒక అంకె, నీళ్లు ఎక్కువగా పడిన చోటు ఇంకో అంకె. రెండిటికీ చాలా తేడా ఉంటుంది. మనిషిని తడపడానికి పనికొచ్చేది రెండోదే. పొడి నేల మీద మీటరుకు ఒకటి చొప్పున గ్లాసులు వరుసగా పెట్టి కొడితే ఏ గ్లాసులో ఎక్కువ నీళ్లు పడ్డాయో కనిపిస్తుంది.

గన్‌ను చేత్తో పట్టుకోకుండా ఒక స్టూలు మీద ఒకే ఎత్తులో, ఒకే కోణంలో కట్టేయండి. ప్రతిసారీ గేజ్ అదే అంకె చూపాలి, నీళ్లు కొలిచి పోయాలి. గాలి వీస్తుంటే ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టి సగటు తీయండి. ఒక్కో మార్పుకు కనీసం మూడుసార్లు కొట్టాలి. నాజిల్ మార్చినప్పుడు ప్రెజర్ మార్చవద్దు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ధార ఎక్కడ తెగుతోందో కళ్లారా చూడవచ్చు, నాజిల్ బాగుపడిందో లేదో చెప్పడానికి టేపు కంటే అదే మంచి సాక్ష్యం.

గన్ వెనక్కి తంతుందా?

కొద్దిగా. 2 బార్, 6 మి.మీ. నాజిల్‌కు వెనక్కి నెట్టే బలం కిలో బరువుకు కాస్త ఎక్కువ. పెద్దవాళ్లకు తెలియదు, చిన్నపిల్లల చేతిలో గురి పైకి లేస్తుంది.

## లీకులు, జాగ్రత్తలు

పంపు ఎంత కొట్టినా ప్రెజర్ ఎక్కడం లేదు.

ముందు చెక్ వాల్వ్ (గాలిని ఒక వైపుకే వెళ్లనిచ్చే వాల్వ్) చూడండి. ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా గాలి వెనక్కి వచ్చేస్తుంది. తర్వాత అతుకుల మీద సబ్బు నురుగు రాసి, బుడగలు వచ్చే చోటు గుర్తించండి. మర అతుకులకు టెఫ్లాన్ టేపును మర బిగుసుకునే దిక్కులోనే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. సొల్యూషన్‌తో అతికించినవి పైకి ఆరినట్టు కనిపించినా లోపల పచ్చిగా ఉంటాయి. డబ్బా మీద రాసిన సమయం పూర్తయ్యాక, సాధారణంగా ఒక రోజు తర్వాతే ఒత్తిడి పెట్టండి.

పిస్టన్ బిగుసుకుపోతోంది, వదులు చేస్తే కారుతోంది.

ఓ-రింగ్ (పిస్టన్ చుట్టూ ఉండే గుండ్రటి రబ్బరు రింగు) కూర్చునే గాడి లోతు సరిగా లేదు, లేదా పొడిగా ఉంది. రింగ్ గోడకు ఒత్తుకోవాలి కానీ నలగకూడదు. సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. వంటనూనె, పెట్రోలియం జెల్లీ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి. రెండు రింగులు పక్కపక్కన పెడితే పిస్టన్ అటూ ఇటూ ఒరగకుండా తిన్నగా నడుస్తుంది.

కొత్త ట్యాంకును మొదటిసారి ఎలా పరీక్షించాలి?

గాలితో కాదు, నీటితో. ట్యాంకు నిండా నీళ్లు నింపి, లోపల గాలి బుడగ లేకుండా చూసి, వాడబోయే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఇచ్చి పది నిమిషాలు వదలండి. నీటిలో దాగే శక్తి చాలా తక్కువ, పగిలినా చీలి ఆగిపోతుంది. కారకుండా, ఆకారం మారకుండా నిలిస్తే అప్పుడు గాలి నింపవచ్చు. అయినా మొదటి రెండు మూడుసార్లు గాలి నింపేటప్పుడు దాన్ని బకెట్‌లో పెట్టి, పొడవాటి గొట్టం ఉన్న పంపుతో, దూరంగా నిలబడి నింపండి. కళ్లద్దాలు పెట్టుకోండి.

పిల్లలు ఈ గన్‌లతో ఒకరి మీద ఒకరు నీళ్లు కొట్టుకోవచ్చా?

ముఖం మీద ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, ఇందులో మినహాయింపు లేదు. సన్నటి వేగమైన ధార దగ్గర నుంచి కంటికి తగిలితే లోపల రక్తస్రావం అయ్యేంత దెబ్బ తగలవచ్చు. దూరం కొట్టే గన్‌కు కనీసం 5 మీటర్ల ఎడం పెట్టండి. చిన్నపిల్లలు ఆడే ఆటకు పిస్టన్ గన్ మాత్రమే ఇవ్వండి, అందరికీ ఈత కళ్లద్దాలు పెట్టండి. కంటికి తగిలాక నొప్పి, మసక, ఎరుపు ఏది కనిపించినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.

ఆట అయ్యాక ఎలా దాచాలి?

ముందు వాల్వ్ తెరిచి ఒత్తిడి పూర్తిగా తీసేయండి. గాలి నింపిన గన్‌ను ఎండలో గానీ, కారులో గానీ ఒక్క నిమిషం కూడా వదలవద్దు. నీళ్లు వంచేసి, నాజిల్ విప్పి, తల కిందులుగా ఆరబెట్టండి. లోపల నీళ్లు నిలిస్తే పాచి పడుతుంది, ఆ పాచి ముక్కే తర్వాత చెక్ వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. పిస్టన్‌ను గొట్టంలో సగం దాకా లాగి వదలండి, ఓ-రింగ్ ఒకే చోట నొక్కుకుపోకుండా అప్పుడప్పుడు కదుపుతూ ఉండండి. నాజిళ్లను విడిగా ఒక డబ్బాలో పెట్టి, ఒక్కో దాని మీద రంధ్రం కొలత రాసి పెట్టుకోండి.